మబ్బులో బీరువా

పాఠకులకు దండాలు. నా రాతలో ఒత్తు తప్పినా, దీర్ఘం ఎక్కువైనా సర్దుకుని చదువుకోండి. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఒక కాగితం నిండేలోగా పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. పోయిన వారం ఈ కథ రాకపోవడానికి కారణం నా నెమ్మదే, పత్రికవారు కాదు.

* * *

"ఆ ఫోను ఓసారి ఇలాగియ్యత్తా" అని దోర్కా చెయ్యి చాపింది.

రూతమ్మ ఇవ్వలేదు. ఫోనును కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నిన్నటేల నించీ సూస్తానే ఉన్నావు. సూసిందే సూస్తే కొత్తగా ఏటొస్తాదే దాన్లో?"

ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చి చాలాసేపయింది. కోడికూర దించి మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. పళ్ళెం ఎవరూ అడగలేదు. ఏబెల్ గుడికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా విప్పకుండానే గుమ్మం మెట్టు మీద కూర్చుని, సందులో నిలబెట్టిన తన టెంపో వైపు చూస్తున్నాడు.

నిన్నటినుంచి అతని భార్య దోర్కా చూపు కూడా ఆ టెంపో మీదే ఉంది.

శనివారం దోర్కా ఆఫీసులో మేనేజరు తపన్‌దా గది తలుపు వేసి మరీ చెప్పాడు. గురువారం మధ్యాహ్నం దోర్కా పేరు మీద కంపెనీ లెక్కలు ఎవరో తెరిచారు. ఆ వేళకి దోర్కా తన కుర్చీలోనే ఉంది. తెరిచింది వేరే ఫోనులోంచి. రైల్వే టెండరుకి పెట్టబోయే రేట్లన్నీ చూసి, ఫోనులోకి దింపుకుని, లెక్కలు మళ్ళీ మూసేసి పోయారు. మర్నాడు పోటీదారు దత్తాబాబు కంపెనీ సరిగ్గా ఒక్క పిసరు తగ్గించి రేటు వేసింది. దోర్కా పనిచేసే మైతీబాబు కంపెనీకి టెండరు చేజారింది.

"మీరు చెయ్యలేదని నాకు తెలుసు దీదీ" అన్నాడు తపన్‌దా. "కానీ పాస్‌వర్డు మీది. ఆరంకెల కోడు వెళ్ళింది మీ ఇంటి నంబరుకి. సోమవారం పొద్దున్నే మైతీబాబు వస్తారు. ఎవరో మీరు చెప్పకపోతే ఆయన మీ పేరే పోలీసు థానాలో రాయిస్తారు. రేపు మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. ఇంట్లో అడిగి పెట్టుకోండి."

ఇంట్లో అడగడం ఎంత కష్టమో పెళ్ళికాని తపన్‌దాకి ఏం తెలుసు?

రైలుపెట్టెలకి కిటికీ చట్రాలూ బెర్తు గొలుసులూ చేసే ఆ కంపెనీలో లెక్కలు ఒకప్పుడు ఒక్క కంప్యూటరులో ఉండేవి. గదికి తాళం వేస్తే లెక్కలకీ తాళం పడినట్టే. కిందటేడు క్లౌడు అన్నారు. అప్పటినుంచి రంగూన్‌లో కూర్చున్నా, రాంచీలో కూర్చున్నా పేరూ పాస్‌వర్డూ కొడితే లెక్కలు తెరుచుకుంటాయి. కొత్త ఫోనయితే మాత్రం, ముందుగా రాయించిన నంబరుకి ఆరంకెలు వస్తాయి. అవి కూడా కొడితేగాని లోపలికి రానివ్వదు. ఆ రోజుల్లో దోర్కా ఫోను రిపేరులో ఉండి ఇంటి ఫోను నంబరు రాయించింది. మార్పిద్దాం మార్పిద్దాం అనుకుంటూనే ఏడాది గడిచింది. ఆ ఫోను ఇప్పుడు అత్తగారి చేతిలో ఉంటుంది.

అప్పట్లో ఇదంతా అత్తకి ఒక్క మాటలో చెప్పింది కూడా. "మబ్బులో బీరువా అనుకో అత్తా."

"వానొస్తే తడిసిపోదేటే?" అని రూతమ్మ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఇవాళ లేదు.

"గురువారం మధ్యాన్నం మీరు తిండికి ఇంటికొచ్చినారు గదా" అంది దోర్కా, మెట్టు వైపు తిరిగి.

"వచ్చినాను. నా ఇంటికి నేను రాకూడదేటి?"

"రోజూ రారు. ఆ రోజే ఎందుకొచ్చినారని అడుగుతన్నాను."

"టైరు పంచరయినాది." ఏబెల్ వెనక్కి తిరగలేదు. "పంచరేసినోడు గోల్‌బజార్లో ఉంటాడు. బేగెళ్ళి అడుగు. వాడి దగ్గర కూడా ఓ ఆరంకెలు పుచ్చుకో."

"ఎటకారాలొద్దు."

"మరేటి కావాల?"

"నెల్లాళ్ళ నుంచీ దత్తాబాబు సరుకు ఎవరు మోస్తన్నారు?"

"నేనే. మోస్తే మోతకూలి ఇస్తన్నాడు. నీ మైతీబాబు నాకు బాడుగ ఇచ్చుంటే ఆయనదే మోసుందును. ఇచ్చినాడేటి? మా ఆయనకి ఇచ్చినారంటే ఆఫీసులో మాటొస్తాదని నువ్వే వద్దన్నావు."

అది నిజం. దోర్కా ఒక క్షణం తడబడింది. వెంటనే ఆ తడబాటు మీద కూడా ఆమెకి కోపం వచ్చింది.

"పాస్‌వర్డు మన పెళ్ళి తేదీ. మీకు తెలుసు."

ఏబెల్ ఈసారి తిరిగి చూశాడు. "అది నాకు తెలుసేటి! పోయినేడు ఆ తేదీ మర్చిపోనానని మూతి ముడుచుకుని కూకున్నావు. ఇప్పుడు గుర్తున్నాదని కేసు పెడతన్నావు. మొగోడు ఎలాగ బతకాలి తల్లీ?"

ఇంకో రోజయితే దోర్కా నవ్వేసేది. ఇవాళ కూడా నవ్వు పెదవి దాకా వచ్చింది. అంతలోనే మనసు పీకింది. నవ్వించి తప్పించుకోవడం ఏబెల్‌కి పాత అలవాటు. టెంపో కిస్తీ కట్టనప్పుడూ ఇలాగే నవ్వించాడు. పాస్టరుగారి గేటుకి బండి గుద్దినప్పుడూ ఇలాగే. నవ్వించాడంటే ఏదో ఉన్నట్టే.

ఆమె అత్త వైపు తిరిగింది.

"గురువారం ఈ ఫోను ఎవరన్నా పట్టుకున్నారా అత్తా?"

"ఎవరూ పట్టుకోలేదు."

"ఆయన?"

"నా కొడుకు నా ఫోను ముట్టడు. అందులో పాటలు తప్ప ఏటుంటాయని ఏళాకోళం ఆడతాడు."

"మరి ఆ ఆరంకెల మెసేజి ఎవరు తెరిచినారు? నేను సూసినప్పటికే తెరిచి ఉంది."

"వస్తన్నాయి, పోతన్నాయి. ఏది తెరిచినానో, ఏది మూసినానో. అక్షరం ముక్క రానిదాన్ని పట్టుకుని అడిగితే నేనేటి సెప్పగలను?"

అబద్ధం చెప్పే గొంతు కాదది. కానీ రూతమ్మ కళ్ళు కోడలి మీద నిలవలేదు. కొడుకు వీపు మీదికి పోయాయి, అక్కణ్ణుంచి కిందికి వాలాయి. తల్లి కొడుకుని కాయడంలో వింతేముంది అనుకుంది దోర్కా. ఈ ఇంట్లో ఇద్దరు ఒకవైపు, తనొక్కతీ ఒకవైపు.

ఆ మెసేజి ఆమెకి కంఠస్థమైపోయింది. ఇంగ్లీషులో రెండు వరుసలు, మధ్యలో ఆరంకెలు. టూ వన్ ఫోర్ త్రీ ఎయిట్ సెవెన్. కళ్ళు మూసినా అవే. గుళ్ళో మోకాళ్ళ మీద ఉన్నా అవే.

సందులో సైకిలు గంట మోగింది.

"అక్కా!"

దోర్కా తమ్ముడు జాన్ పాల్ వచ్చాడు. భుజాన డోలక్కు సంచి. గుళ్ళో పాటలు అతనే ఎత్తుతాడు. ఇళ్ళల్లో జరిగే శుక్రవారం ప్రార్థన కూడికలకి పాటలు ఎంచేదీ అతనే. అమ్మ పోయాక దోర్కాయే పెంచింది. పెళ్ళయినప్పుడు చీరలపెట్టెతో పాటు తమ్ముణ్ణీ తెచ్చుకుందని తాల్‌బగీచా పేటంతా చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఇప్పుడు వేరే గది తీసుకుని ఉంటున్నాడుగానీ ఆదివారం భోజనం మాత్రం ఇక్కడే.

వాకిలి చూడగానే అతనికి అర్థమైంది. సంచి దించి బావ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంకా తేలలేదేటక్కా?"

"తేలే మనిషి నోరిప్పితే గదా!"

జాన్ పాల్ గొంతు తగ్గించాడు. "బావా, కోపం తెచ్చుకోకు. నేను నీ మంచికే సెప్తన్నాను. ఏదో దత్తాబాబు మొగమాటం పెట్టుంటాడు. నువ్వు కాదనలేకపోయుంటావు. ఒప్పేసుకుంటే అక్క ఉద్యోగం నిలబడతాది. నిన్నేటి సేస్తారు? నువ్వు ఆ కంపెనీ మనిషివి కాదు గదా."

"ఏటి ఒప్పుకోమంటావురా?"

"అదే, ఫోను..."

"ఆ ఫోన్లో రంగులు మార్సడమే నాకు రాదు. ఇంక మబ్బుల్లో బీరువాలు తెరవడమేటి!" ఏబెల్ లేచి నిలబడ్డాడు. "బామ్మర్దివి, బామ్మర్దిలా ఉండు. వచ్చినావు, కూడు తిను, ఎలిపో. నాకు పెద్దమనిషివి అవకు."

"సూసినావా అక్కా! మంచి సెప్తే..."

"వాణ్ణేటంటారు?" దోర్కా గొంతు లేచింది. "వాడొక్కడే నా గురించి ఆలోచిస్తన్నాడు. రేపు థానాలో నా పేరు రాస్తారు. గుళ్ళో మొగం ఎలాగ ఎత్తుకోను? ఈ వయసులో నాకింకెవరు ఉద్యోగమిస్తారు? మీకేటి! టెంపో మీది, తాళం మీది."

"దోర్కా."

"తపన్‌దా ఫోన్ చేస్తాడు. చేస్తే నేను సెప్పేస్తాను. నువ్వేనని సెప్పేస్తాను."

నువ్వు.

పెళ్ళయిన నాటినుంచి ఆ మాట ఆమె నోట అతనికి తగల్లేదు. ఏబెల్ దెబ్బ తిన్నవాడిలా చూశాడు. కోప్పడలేదు. జోకు వెయ్యలేదు. మెల్లగా మళ్ళీ మెట్టు మీద కూర్చుని చొక్కా చేతుల బొత్తాలు ఒకటొకటే విప్పుకోసాగాడు.

పక్కింట్లో ఎవరో మసాలా నూరుతున్నారు.

రూతమ్మ జాన్ పాల్ వైపు తిరిగింది.

"నాయనా జానూ, ఓ మాటడగనా?"

"అడుగత్తా."

"శుక్రవారం కూడికలో ఆ పాటలు పాడించలేదేటి?"

"ఏ పాటలత్తా?"

"గురువారం ఫోన్ చేసి నా సేత నంబర్లు సదివించినావు గదా. ఆ పాటలు."

రూతమ్మకి అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు. గుళ్ళో గోడకి కొట్టిన నల్లబల్ల మీద పాటల నంబర్లు రాస్తారు. చిన్నప్పటినుంచి అవి చూసి చూసి నేర్చుకుంది. పుస్తకం ఆమెకి అక్కర్లేదు, నంబరు చెబితే చాలు, పాట మొదటి చరణంనుంచి ఆఖరి చరణం దాకా అందుకుంటుంది. అందుకే కూడికకి ముందురోజు జాన్ పాల్ ఆమెకి నంబర్లు మెసేజీ పెడతాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే.

"ఎప్పుడూ మెసేజీ పెట్టి ఊరుకుంటావు. ఆ రోజేమో ఫోన్ కూడా సేసినావు. 'అత్తా, ఇప్పుడో మెసేజొస్తాది, అంకెలు సరిగ్గా వచ్చినాయో లేదో ఓసారి సదువు' అన్నావు. సదివినాను."

"గుర్తులేదత్తా. వారం వారం సేస్తాను గదా."

"నాకు గుర్తుంది. రెండొందల పద్నాలుగు. మూడొందల ఎనభై ఏడు." రూతమ్మ నిదానంగా, పాట ఎత్తబోయేముందు చెప్పినట్టు చెప్పింది. "మొదటిది సమాధి దగ్గర పాడే పాట. ఎవరు పోనార్రా అని అడుగుదామనుకున్నాను. నువ్వు బేగి ఫోను పెట్టేసినావు. మూడు రోజుల నించీ అదే నలుగుతన్నాది, ఎవరు పోనారా అని."

దోర్కా ముందు వినలేదు. విన్నా పాటల గోల అనుకుంది. తరవాత రెండొందల పద్నాలుగు అన్న మాట ఆమె చెవిలో నెమ్మదిగా విడిపోయింది. టూ. వన్. ఫోర్.

తక్కినవి విడదీసి చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలలేదు. అవి వాటంతటవే విడిపోయాయి.

"అత్తా, ఫోను" అంది.

ఈసారి రూతమ్మ ఇచ్చేసింది. దోర్కా మెసేజి తెరిచి ఏబెల్ ముందు పెట్టింది. ఏబెల్ చూసి తల్లి వైపు చూశాడు. తల్లి గోడ వైపు చూస్తోంది.

"పెద్దావిడ పొరబడిందక్కా" అన్నాడు జాన్ పాల్. నవ్వబోయాడుగానీ నవ్వు రాలేదు. "అంకెలు అంకెలే గదా. ఏదో ఒకటి కలుస్తాది."

"అవునే, పొరబడ్డానేమో" అంది రూతమ్మ వెంటనే. "ముసలిదాన్ని. వదిలీ. అన్నాలు తినండి."

ఆ మాటకి దోర్కా అత్త వైపు తిరిగింది. అత్త తెలియక అడిగిందా, తెలిసే అడిగిందా? తెలిస్తే ఎప్పటినుంచి తెలుసు? ఇందాక కళ్ళు దాచుకున్నది కొడుకుని కాయడానికి కాదా? తన తమ్ముణ్ణి కాయడానికా? కొడుకు పేరు బయటికి వచ్చేదాకా ఆ నోరు పెగల్లేదంటే, ఇంతసేపూ ఆవిడ ఎవరి కోసం ఊరుకున్నట్టు?

"జానూ" అన్నాడు ఏబెల్ నెమ్మదిగా. "దత్తాబాబు గోడౌన్లో కొత్త స్టోర్‌కీపరు వస్తన్నాడని మొన్న లోడింగులో అనుకున్నారు. తెలుగోడే అన్నారు. మనోడెవడో బాగుపడతన్నాడని నేను సంతోషపడ్డాను."

జాన్ పాల్ డోలక్కు సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వేనేట్రా?" అంది దోర్కా. అడిగిన గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. చిన్నప్పుడు పంచదార డబ్బా దగ్గర పట్టుకున్నప్పుడు కూడా ఇంత మెల్లగా అడగలేదు.

"ఒక్కసారి సూడ్డానికే అన్నాడక్కా దత్తాబాబు. ఉద్యోగం పర్మినెంటు అన్నాడు. నీ మీదికి వస్తాదనుకోలేదు. ఆ కొత్త సాఫ్ట్‌వేరు ఎవరు ఎప్పుడు తెరిచినారో రాసి పెట్టుకుంటాదని నాకు తెల్దు. ఒట్టు."

"పాస్‌వర్డు?"

"ఏ తేదీని తల్చుకుని నువ్వు ఏడుస్తావో నాకు తెల్దా అక్కా?"

ఏబెల్ ఆ మాటకి తల ఎత్తాడు. పెళ్ళిరోజుకి ఏడవడమేమిటన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

జాన్ పాల్ అక్క దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఇనక్కా. ఇందాక నువ్వన్నదే సెయ్యి. బావ పేరు సెప్పు. బావకేటవుతాది? ఓ రెండు మాటలంటారు. టెంపో ఎక్కడికీ పోదు. నా పేరు సెప్తే ఇక్కడ పరువూ పోతాది, అక్కడ ఉద్యోగమూ పోతాది. గుళ్ళో డోలక్కు ముట్టుకోనివ్వరు. అమ్మ నన్ను నీ సేతిలో పెట్టింది."

ఈ మాటలన్నీ ఏబెల్ ఎదురుగానే అన్నాడు. అతను అక్కడ లేనట్టే అన్నాడు.

ఏబెల్ భార్యనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. తూకం దగ్గర నిలబడినవాడి చూపు అది. ముల్లు ఎటు మొగ్గుతుందో తెలియకుండా ఎదురుచూస్తున్నాడు.

"ఏటండీ" అంది దోర్కా.

"'నువ్వు' అనే అను" అన్నాడు ఏబెల్. "అది అన్నప్పుడే నిజంగా మాటాడినావు."

దోర్కా క్షమించమనడానికి నోరు తెరవబోయింది. అంతలో బల్ల మీదున్న ఆమె సొంత ఫోను మోగింది.

తపన్‌దా.

"తియ్యకక్కా" అన్నాడు జాన్ పాల్.

"తీ" అంది రూతమ్మ. ఒక్క అక్షరం.

ఏబెల్ జేబులోంచి టెంపో తాళాలు తీశాడు.

దోర్కా తీసింది. అవతల ట్రాఫిక్కు హోరు. ఎక్కడో రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు తపన్‌దా.

"బోలియే దీదీ. మాలూమ్ పడా, తెలిసిందా? మైతీబాబు ఇప్పుడే ఫోన్ చేశారు. ఒక్కటే అడుగుతున్నారు. ఘర్ కా ఆద్మీ హై, యా బాహర్ కా?"

ఇంటి మనిషా, బయటి మనిషా.

ఎదురుగా మెట్టు మీద అత్తింటివాడు ఒకడు. పక్కన చెయ్యి పట్టుకుని పుట్టింటివాడు ఇంకొకడు. పట్టుకున్న చెయ్యి చెమటతో తడిసి ఉంది. మెట్టు మీదివాడు ఇటు చూడ్డం మానేసి టెంపో తాళాలు వేలికి తిప్పుకుంటున్నాడు. వెళ్ళిపోవడానికి సిద్ధపడుతున్నవాడిలా ఉన్నాడు. ఎక్కడికో ఆమెకి తెలియదు.

"దీదీ? సునాయీ దే రహా హై?"

"వినబడతన్నాది దాదా" అంది దోర్కా, హిందీ మర్చిపోయి. తరవాత గుర్తు తెచ్చుకుని, తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి తీసుకోకుండానే, మొగుడి మీదినుంచి కళ్ళు తిప్పకుండానే, హిందీలో అడిగింది.

"కౌన్‌సా ఘర్, దాదా? ఏ ఇల్లు?"

* * *

రాసినది: జొన్నాడ ఎస్తేరమ్మ, వయసు డెబ్భై ఒకటి. ప్రస్తుతం ఉంటున్నది ఖరిదా, ఖరగ్‌పూర్.